కీచుమంటోందని డిస్క్ మీద స్ప్రే కొట్టించుకోకండి: గేర్ సైకిలు కొనేవాళ్ళకీ, సర్వీసుకిచ్చేవాళ్ళకీ హెచ్చరిక

వానాకాలం సర్వీసు పేరుతో మన గోదావరి డెల్టాలో గేర్ సైకిళ్ళకి ఒక ప్రమాదకరమైన పని జరుగుతోంది. డిస్క్ బ్రేకు కీచుమంటోందని షాపుకి తీసుకెళ్తే, తుప్పు వదిలించే స్ప్రేయో చైను ఆయిలో డిస్క్ మీద కొట్టి, చక్రం రెండు తిప్పులు తిప్పి, "అయిపోయిందండి" అని చేతికిస్తున్నారు. చప్పుడు నిజంగానే పోతుంది, దాంతోపాటు బ్రేకూ పోతుంది. డిస్క్‌ని రెండు వైపులా నొక్కి ఆపే బిళ్ళలు, అంటే ప్యాడ్లు, ఆ నూనెని లోపలికి పీల్చుకుంటాయి. ఆ తర్వాత లివరు ఎంత నొక్కినా డిస్క్ వాటి మధ్య జారిపోతూనే ఉంటుంది.

మన నేల చదును. తొక్కడం ఆపితే బండి దానంతటదే నెమ్మదిస్తుంది కాబట్టి సంగతి వెంటనే బయటపడదు. వంతెన దిగేటప్పుడో, కాలవగట్టు మీద ట్రాక్టరు ఎదురైనప్పుడో బయటపడుతుంది. పిల్లలకి ఈ సైకిళ్ళు కొనిచ్చే తల్లిదండ్రులు దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

నూనె తగిలిన ప్యాడ్లు మళ్ళీ నమ్మదగ్గవి కావు. గరుకు కాగితం మీద రుద్దితే పైపొర పోతుందే గాని లోపలికి దిగింది రాదు. గ్యాస్ పొయ్యి మీద కాలిస్తే లైనింగు రేకు నుంచి ఊడిపోవచ్చు. రెండు ప్యాడ్లూ తీసేసి కొత్తవి వేయాలి. వీటి ఆకారాలు చాలా రకాలు, పాత ప్యాడు చేత్తో పట్టుకెళ్ళి సరిపోల్చి కొనండి. డిస్క్ మాత్రం పనికొస్తుంది. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగి తెచ్చి, శుభ్రమైన గుడ్డతో రెండు వైపులా తుడవండి, గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా. కిరసనాయిలు వద్దు, జిడ్డు మిగులుస్తుంది. చేతుల శానిటైజరూ వద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది. తుడిచేటప్పుడు చక్రం ఆగి ఉండాలి. తిరిగే డిస్క్ కన్నాల్లో వేలు పడితే తెగిపోతుంది.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే పూర్తి పట్టు ఉండదు. మనుషులు లేని తిన్నటి రోడ్డు మీద గంటకి 20 కిలోమీటర్ల వేగం దాకా వెళ్ళి, చక్రం బిగుసుకోకుండా గట్టిగా నొక్కి నడక వేగానికి తేవాలి. ముందు బ్రేకుకి ఓ 20 సార్లు, వెనక బ్రేకుకి ఓ 20 సార్లు. కాలవగట్టు మీద మాత్రం ఈ పని చేయకండి.

రెండో మోసం కేబుల్ దగ్గర. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఉప్పుగాలికీ, భీమవరం రోడ్ల మీద చేపల లారీల నుంచి కారే నీళ్ళకీ కేబుల్ లోపల తుప్పు పట్టడం మామూలే. మార్చక తప్పదు. కానీ బ్రేకు కేబుల్‌కి గేర్ ఔటరు (కేబుల్ పైతొడుగు) వేసి ఇస్తున్నారు. బయటికి రెండూ ఒకేలా నల్లగా ఉంటాయి, కోసిన చివర చూస్తేనే తేడా తెలుస్తుంది. బ్రేకు ఔటరులో తీగ చుట్టలు చుట్టి ఉంటుంది, మందం 5 మిల్లీమీటర్లు. గేర్ ఔటరు సాధారణంగా 4 మిల్లీమీటర్లు, లోపలి తీగలు చీపురు పుల్లల్లా నిలువుగా ఉంటాయి. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు ఆ నిలువు తీగలు ప్లాస్టిక్కుని చీల్చుకుని బయటికొస్తాయి, బ్రేకు ఒక్కసారిగా చచ్చిపోతుంది. ఇన్నరు (తొడుగు లోపల కదిలే తీగ) కూడా చూడండి: బ్రేకుది 1.5 లేదా 1.6 మిల్లీమీటర్లు, గేర్‌ది 1.2.

ఇక బిగింపు. ప్యాడ్లని పట్టుకుని డిస్క్ మీద నొక్కే భాగాన్ని కాలిపర్ అంటారు. కేబుల్‌తో పనిచేసే చౌక కాలిపర్లలో దాదాపు అన్నిటికీ బయటి ప్యాడు ఒక్కటే కదులుతుంది. అది డిస్క్‌ని కొద్దిగా వంచి, చక్రం వైపున్న కదలని ప్యాడుకి ఆనిస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ లోపలి ప్యాడుని స్క్రూతో దగ్గరికి తేవాలి. చాలావాటిలో చక్రం పుల్లల సందులోంచి 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. షాపుల్లో అది ముట్టుకోకుండా కేబుల్ లాగి బిగించేస్తారు. అప్పుడు కాలిపర్ చెయ్యి (కేబుల్ లాగితే తిరిగే భాగం) సగం దూరం ముందే తిరిగిపోయి ఉంటుంది. ప్యాడు ఇంకొంచెం అరగగానే అది చివరికొచ్చి తన్నుకుంటుంది, మీరు లివరు ఎంత లాగినా బలం డిస్క్‌కి చేరదు. కాబట్టి లివరు వదిలినప్పుడు ఆ చెయ్యి పూర్తిగా వెనక్కి రావాలి, అది రాకపోతే బండి తీసుకోకండి.

సరిగా చేసే పద్ధతి ఇదీ. కాలిపర్‌ని పట్టుకునే రెండు బోల్టులూ వదులు చేయాలి. లోపలి ప్యాడుకీ డిస్క్‌కీ మధ్య శుభ్రమైన విజిటింగ్ కార్డు పెట్టి, లివరు గట్టిగా నొక్కి పట్టుకుని, బోల్టుల్ని అటు కొంచెం ఇటు కొంచెంగా బిగించాలి. కార్డు తీశాక చక్రం రాసుకోకుండా తిరగాలి. లివరు హ్యాండిల్‌కి తగలకూడదు.

డిస్క్ కొత్తప్పుడు సాధారణంగా 1.8 మిల్లీమీటర్లు. 1.5కి వస్తే మార్చాలి, చాలా డిస్క్‌ల మీద ఆ అంకె చెక్కి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ముందు చక్రం క్విక్ రిలీజ్ లివరు (పానా లేకుండా చక్రం విప్పడానికి ఇరుసు దగ్గర ఉండేది) కూడా చూడాలి. అది డిస్క్ వైపు ఉంటే పూర్తిగా తెరిచి చూడండి. డిస్క్‌కీ దానికీ మధ్య పెన్సిల్ పట్టేంత, అంటే 6 మిల్లీమీటర్ల సందు లేకపోతే ఆ లివరు మార్చాల్సిందే. వదులై డిస్క్‌లో చిక్కుకుంటే ముందు చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. ఈ కారణంతోనే 2015లో ట్రెక్ కంపెనీ అమెరికా, కెనడాల్లో దాదాపు పది లక్షల సైకిళ్ళను వెనక్కి పిలిచింది.

సర్వీసుకిచ్చేటప్పుడే "డిస్క్ మీద ఏ స్ప్రే కొట్టొద్దండి" అని చెప్పండి. ప్యాడ్లు, ఔటరు మార్చామంటే పాతవి అడిగి తీసుకోండి, బిల్లు మీద "బ్రేకు ఔటరు" అని రాయించుకోండి.