ఫ్యూజా, ఎంసీసీబీనా: ఎల్‌టీ ప్యానెల్‌కి ఏది మేలు?

జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో కొత్త ఎల్‌టీ ప్యానెల్ (యంత్రాలకు కరెంట్ పంచే లో టెన్షన్ బోర్డు) చేయించే ప్రతిసారీ ఈ వాదన వస్తుంది. "ఇంకా హెచ్‌ఆర్‌సీ ఫ్యూజులేంటి సార్, అన్నీ ఎంసీసీబీలే పెట్టేద్దాం" అంటాడు ప్యానెల్ చేసేవాడు. హెచ్‌ఆర్‌సీ అంటే పెద్ద ఫాల్ట్ కరెంట్‌నూ తెంచి కాలిపోయే ఫ్యూజు; ఎంసీసీబీ అంటే ఫాల్ట్ వస్తే దానంతటదే పడిపోయే, మళ్లీ ఎత్తగలిగే బ్రేకర్. అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది: అక్కడ షార్ట్ సర్క్యూట్ అయితే ఎంత కరెంట్ పారుతుంది?

500 కేవీఏ, 433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం. ఫుల్ లోడ్ 667 యాంప్‌లు. నేమ్‌ప్లేట్ మీద ఇంపీడెన్స్ (కరెంట్‌కి ట్రాన్స్‌ఫార్మర్ లోపలి అడ్డు) 4.5 శాతం ఉంటే, 667ని 0.045తో భాగించండి. దాదాపు 15 కిలో యాంప్‌లు. నడుస్తున్న మోటార్లు ఆ క్షణంలో ఇంకొంత కలుపుతాయి. ట్రూప్ బజార్లో చవగ్గా వచ్చిందని 10 కిలో యాంప్‌ల వరకే తెంచగల బ్రేకర్ తెచ్చి ఈ బస్‌బార్ (ప్యానెల్లో కరెంట్ పంచే లోహపు పట్టీ) పక్కనే బిగిస్తే, అసలు ఫాల్ట్ వచ్చిన రోజు అదే పేలిపోవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇంత దగ్గరగా ఉన్న ఫీడర్లకు (ప్యానెల్ నుంచి బయటికెళ్లే లైన్లకు) నా ఓటు ఫ్యూజుకే. మామూలు హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు 80 కిలో యాంప్‌ల ఫాల్ట్‌ని కూడా తెంచగలదు. పెద్ద ఫాల్ట్ అయితే 10 మిల్లీసెకన్లలోపే, కరెంట్ పూర్తిగా పెరగకముందే పని ముగిస్తుంది. కోఆర్డినేషన్ (ఫాల్ట్‌కి దగ్గరిదే తెగి, పైది నిలిచి ఉండటం) కూడా తేలిక: సప్లై వైపున్న పై ఫ్యూజు రేటింగ్ కిందదానికి 1.6 రెట్లు ఉంటే చాలు. కింద 100, పైన 160 యాంప్‌లవి పెడితే కిందదే పోతుంది. ఎంసీసీబీ మీద ఎంసీసీబీ పెడితే ఇంత ధీమా ఉండదు. 15 వేల యాంప్‌లకు రెండింటి మాగ్నెటిక్ ట్రిప్పూ (క్షణంలో తెంచే భాగం) ఒకేసారి కదలొచ్చు. ఒక గ్రైండర్ కేబుల్ కాలితే షెడ్డంతా ఆగుతుంది. తయారీదారు సెలెక్టివిటీ టేబుల్ (ఏ బ్రేకర్ కింద ఏది పెడితే కిందదే పడుతుందో చెప్పే పట్టిక) చూసి కొనాలి. ఎంతమంది చూస్తారో మరి!

మోటార్ల దగ్గర మాత్రం ఫ్యూజుతో తలనొప్పి. ఒక ఫేజ్ ఫ్యూజు పోతే, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (అలాంటప్పుడు మోటార్‌ని ఆపే పరికరం) లేని మోటార్ మిగతా రెండింటి మీద మూలుగుతూ వైండింగ్ కాల్చుకుంటుంది. నైట్ షిఫ్టులో స్పేర్ దొరక్క రాగి తీగ చుట్టేసే మహానుభావులూ ఉన్నారు. ఎంసీసీబీ మూడు ఫేజులనూ ఒకేసారి తెంచుతుంది. పైగా కేబుల్ పొడవు మనకు కలిసొస్తుంది: 35 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ 50 మీటర్లు లాగితే దాని అడ్డుకి ఆ 15 కాస్తా 5 కిలో యాంప్‌ల దరిదాపుల్లోకి దిగుతుంది. అక్కడ ఎంసీసీబీయే హాయి.

ఇన్‌కమర్‌కి (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ప్యానెల్లోకి వచ్చే మెయిన్‌కి) ఏసీబీయే, అంటే ఎయిర్ సర్క్యూట్ బ్రేకరే, వేరే మాట లేదు. కిందివి ముందు తెంచేలా దానికి షార్ట్ టైమ్ డిలే 0.2 సెకన్లు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌కి పైనున్న 11 కేవీ రిలేకి (ఫాల్ట్ పసిగట్టి బ్రేకర్‌ని పడేసేది) దానికన్నా మరో 0.3 సెకన్లు ఎడం ఇవ్వండి.

రేపు లోడ్ పెరిగి 5 శాతం ఇంపీడెన్స్ ఉన్న 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దించితే ఫాల్ట్ 27 కిలో యాంప్‌లకు చేరుతుంది. బస్‌బార్ దగ్గరి 25 కిలో యాంప్‌ల ఎంసీసీబీలన్నీ మార్చాల్సిందే; ఫ్యూజులకు ఢోకా లేదు.