నగర ట్రాఫిక్‌లో సీటు బెల్టు: ఉంటే, లేకుంటే

"ఊళ్లో యాభై కూడా దాటం, బెల్టెందుకు?" అనేవారికి ఒక లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దడమంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటమే.

బెల్టు లేకుంటే, కారు ఆగినా శరీరం ఆగదు. ఛాతీ స్టీరింగుకో, తల అద్దానికో తగిలేదాకా అదే వేగంతో సాగుతుంది. చేతులతో ఆపుకుంటామన్నది ఉత్త ధీమా. ఎయిర్‌బ్యాగ్ ఉందిగా అంటారు మరికొందరు. అది బెల్టుకు తోడు మాత్రమే. రెప్పపాటులో ఉబ్బే ఆ సంచి, ముందుకు తూలిన మనిషిని తానే గాయపరచగలదు.

బెల్టు ఉంటే ఆ దెబ్బను భుజం, ఛాతీ, తుంటి ఎముకలు పంచుకుంటాయి. 1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల బెల్టు (భుజం మీదుగా, తుంటి మీదుగా సాగి మూడుచోట్ల బిగిసేది) కిటుకు ఇదే. కింది పట్టీ పొట్టమీద కాక తుంటిమీద ఉండాలి. చాలామంది పట్టించుకోనిది ఇదే.

బెల్టుతో ఇబ్బందులా? చొక్కా నలుగుతుంది. పెద్ద ప్రమాదంలో భుజం కమలవచ్చు. మంటలు లేస్తే బయటపడలేమన్న భయానికీ జవాబుంది: తలకు దెబ్బ తగలక, స్పృహలో ఉన్నవారే తలుపు తీసుకుని బయటికి రాగలరు.