మామూలు మనుషుల కోసం ఇరాన్‌లో పద్దెనిమిది రోజులు

2019 అక్టోబరులో నేను, మా అక్క ఇరాన్ వెళ్తున్నామని చెప్పినప్పుడు, అక్కడ చూడదగ్గవి ఏమున్నాయని మా బంధువుల్లో ఒక్కరూ అడగలేదు. క్షేమంగా తిరిగి వస్తారా అని అడిగారు, ఆడవాళ్ళు ఇద్దరే ఎలా వెళ్తారని అడిగారు. మా పెద్దమ్మ అయితే టీవీలో చూసిన, జెండాలు తగలబెట్టే గుంపులను తలచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళను తప్పుపట్టలేను. ఇరాన్ అనగానే మన కళ్ళ ముందు మెదిలే బొమ్మలు నాలుగైదే: నల్లటి చాదర్ కప్పుకున్న స్త్రీ, పిడికిలి బిగించిన యువకుడు, క్షిపణి, తలపాగా పెట్టుకున్న మతగురువు. పొద్దున్నే రొట్టె కొనుక్కుని ఇంటికి నడిచి వెళ్ళే మనిషి వాటిలో లేడు. ఆ మనిషిని ఫోటో తీసి తెచ్చి మా వాళ్ళకు చూపించాలన్నదే నా కోరిక. అందువల్ల ఊళ్ళనూ బసలనూ ప్రయాణ సౌకర్యాలనూ నేనిక్కడ తూచేది ఒకే తూకపురాయితో: మామూలు మనుషుల పక్కన కూర్చుని, మాట కలిపి, వాళ్ళు సరేనన్నాక ఫోటో తీసుకునే వీలు ఎక్కడ ఎంత ఉంది అన్నది.

ముందు డబ్బు సంగతి చెప్పాలి. ఆంక్షల కారణంగా విదేశీ బ్యాంకు కార్డులేవీ అక్కడ పనిచేయవు, కాబట్టి యాత్రకు కావలసిన మొత్తాన్ని డాలర్లలోనో యూరోల్లోనో నగదుగా పట్టుకెళ్ళక తప్పదు. నోటు మీద ఉండేది రియాల్, జనం నోట ఉండేది తోమాన్. పది రియాళ్ళు ఒక తోమాన్. మొదటి రెండు రోజులు ఈ లెక్క కుదరక ఇబ్బంది పడ్డాం గానీ, దుకాణదారులు మా చేతిలోని నోట్లలోంచి తమకు రావలసినవి మాత్రమే ఏరుకుని మిగిలినవి తిరిగి మా చేతిలోనే పెట్టేవారు. కెమెరాతో పాటు అప్పటికప్పుడు ఫోటో అచ్చు వేసి ఇచ్చే ఇన్‌స్టాక్స్ ఒకటి, దానికి అరవై ఫిల్ములు తీసుకెళ్ళాను. నేను బొమ్మ తీసుకుపోతూ వాళ్ళ చేతిలో ఏమీ పెట్టకపోవడం నాకు న్యాయంగా తోచలేదు. ‘మీతూనమ్ అక్స్ బెగీరమ్?’ అంటే ‘ఫోటో తీసుకోవచ్చా?’ అని. హైదరాబాదు ఉర్దూలో ‘అక్స్’ అంటే ప్రతిబింబం, అక్కడ అదే మాటకు ఫోటో అని అర్థం. అందుకే ఆ వాక్యం చాలా త్వరగా నోటికి వచ్చింది.

టెహ్రాన్‌లో మేం దిగిన పెద్ద హోటల్ శుభ్రంగా ఉంది, వేడినీళ్ళకు లోటు లేదు, కానీ నా పనికి ఏమాత్రం ఉపయోగపడలేదు. అక్కడ కనిపించేది వ్యాపారం మీద వచ్చిన అతిథులే. పరిచారకులకు నిలబడి మాట్లాడే తీరిక ఉండదు. ఆ నగరంలో మనుషులు దొరికే చోటు మెట్రో. రైలుకు మొదట్లోనూ చివర్లోనూ ఆడవాళ్ళ పెట్టెలుంటాయి, వాటిలో మేజోళ్ళు, తలగుడ్డలు, లిప్‌స్టిక్‌లు అమ్మే స్త్రీలు ఒక స్టేషన్లో ఎక్కి మరో స్టేషన్లో దిగుతూ ఉంటారు. అలా మేజోళ్ళు అమ్మే ఒకామెను నేను అనుమతి అడిగితే ముఖం వద్దని తల ఊపి, రెండు చేతుల నిండా మేజోళ్ళు పట్టుకుని, ఇవి తీసుకో అన్నట్టు ముందుకు చాపింది. రైల్లో అమ్మడం నిబంధనలకు విరుద్ధమని, ముఖం కనిపిస్తే ఆమెకు ఇబ్బంది అని పక్కనున్న విద్యార్థిని వివరించింది. టెహ్రాన్‌లో నేను తీసినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ చేతుల ఫోటోయే. సాయంత్రాలకు 2014లో తెరిచిన తబియత్ వంతెన మంచి చోటు. 270 మీటర్ల ఆ పాదచారుల వంతెనకు రూపకల్పన చేసింది లైలా అరాగియాన్ అనే వాస్తుశిల్పి. చేయీ చేయీ పట్టుకుని నడిచే జంటలు, తోపుడుబండ్లలో పిల్లలు, స్వెట్టర్ అల్లుకుంటున్న అవ్వ, అందరూ అక్కడ కనిపించారు. ప్రభుత్వ కట్టడాలు, పోలీసులు, సైనికులు ఉన్నవైపు మాత్రం కెమెరా తిప్పకూడదు. ఒక వీధిలో నాకు తెలియకుండానే ఒక కార్యాలయం గోడ ఫోటోలో పడితే, కాపలా అతను దాన్ని తుడిపించేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. గొంతు పెంచకుండానే అడిగాడు గానీ, ఆ పది నిమిషాలూ అక్క చెయ్యి వణుకుతూనే ఉంది.

టెహ్రాన్ నుంచి ఇస్ఫహాన్‌కు సుమారు 450 కిలోమీటర్లు. వరుసకు మూడే సీట్లుండే వీఐపీ బస్సు మన స్లీపర్ బస్సులకంటే హాయిగా ఉంటుంది, ఎక్కగానే బిస్కెట్లు, పళ్ళరసం ఉన్న చిన్న పెట్టె చేతికిస్తారు. రెండు ఊళ్ళ మధ్య విమానాలున్నా నేను బస్సునే సిఫారసు చేస్తాను, ఎందుకంటే ఆరు గంటలు పక్కపక్కన కూర్చున్నవాళ్ళ మధ్య బెరుకు మిగలదు. నా ముందు సీట్లోని అమ్మాయి హిందూస్థాన్‌లో వీధుల్లో ఏనుగులు తిరుగుతాయా, ఆడవాళ్ళను చదువుకోనిస్తారా అని ఎంతో అమాయకంగా అడిగింది. ఫోన్లో మా బడి ఫోటోలు, మా అక్క కూతురు ఇంజనీరింగ్ పట్టా అందుకుంటున్న ఫోటో చూపించాను. మా పెద్దమ్మకు వాళ్ళ గురించి ఎంత తెలుసో, ఆ అమ్మాయికి మా గురించీ అంతే తెలుసునని అప్పుడే గ్రహించాను.

ఇస్ఫహాన్‌లో ఒక్క రొట్టె దుకాణం కోసమే రెండు రోజులు ఎక్కువ ఉన్నాం. సంగక్ అంటే గులకరాయి అని అర్థం. పల్చని పిండి ముద్దను పొడవాటి చెక్క తెడ్డు మీద వేళ్ళతో గుంటలు పడేలా సాగదీసి, కొలిమిలో ఏటవాలుగా పరిచిన కాలుతున్న గులకరాళ్ళ మీదికి ఒక్క విసురుతో జారుస్తారు. కాలిన రొట్టెను ఇనుప కొక్కెంతో లాగి ఇస్తే, కొనేవాళ్ళు దాన్ని తీగల బల్ల మీద పరిచి, అంటుకున్న రాళ్ళను తామే గోళ్ళతో మీటి రాలుస్తారు. రాళ్ళు బల్ల మీద టపటపా రాలే చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. మొదటి రోజు కెమెరా బయటికి తీయకుండా వరుసలో నిలబడి రొట్టె కొనుక్కున్నాం. ‘గాబెల్ నదారె’, అంటే ‘దీనికి డబ్బెందుకులెండి’ అన్నాడు దుకాణదారు. అది మర్యాద మాట; మన ఇంటికొచ్చిన చుట్టం కాఫీ వద్దన్నట్టే, మూడోసారి కూడా మనం డబ్బు చాపితేనే తీసుకుంటాడు. దాన్ని తారోఫ్ అంటారు. మూడో రోజు అతనే, కెమెరా తెచ్చారు కదా, ఎందుకు తీయరు అని సైగ చేశాడు. అచ్చు వేసి ఇచ్చిన ఫోటోను పిండి అంటిన చేత్తో పట్టుకోకుండా, కొడుకును పిలిచి గోడకు పెట్టించాడు.

సాయంత్రం నక్ష్-ఎ-జహాన్ చౌకుకు వెళ్ళాలి. ఇరాన్ రాజు షా అబ్బాస్ కట్టించిన ఈ చౌకు పొడవు సుమారు 560 మీటర్లు, వెడల్పు 160. మసీదుల పలకల నగిషీ ఎలాగూ అందరూ తీస్తారు. నేను గడ్డి మీద బట్ట పరుచుకుని, ఫ్లాస్కు, పళ్ళు ముందుంచుకుని కూర్చున్న కుటుంబాల మధ్యకు వెళ్ళాను. పంటి కింద చక్కెర ముక్క పెట్టుకుని పాలు లేని టీ తాగడం ఒక తాతగారు నేర్పారు. ఇరానీ చాయ్ మా ఊళ్ళో పాలతో కాస్తారంటే ఆయన నమ్మలేదు. మా హైదరాబాదు నిర్మాణంలో చేయి ఉన్న మీర్ మోమిన్ అస్తరాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడేనని చెబితే మాత్రం చుట్టూ ఉన్న అందరినీ పిలిచి మళ్ళీ చెప్పించారు. చార్మినార్‌కు ఈ చౌకే నమూనా అనేవారున్నారు గానీ, చార్మినార్ 1591 నాటిది, ఈ చౌకు పని మొదలైంది 1598 ప్రాంతంలో. బంధుత్వం నిజమే, వరుస మాత్రం తారుమారు చేయకూడదు.

బస విషయంలో యజ్ద్‌కే మొదటి మార్కు. గాలిని ఇంట్లోకి దింపే గోపురాలున్న పాత మట్టి ఇళ్ళను అతిథి గృహాలుగా మార్చారు. నడుమ నీటి తొట్టె, దాని చుట్టూ తివాచీ పరిచిన పెద్ద మంచాలు, అక్కడే భోజనం, అక్కడే కబుర్లు. హైదరాబాదులో ఇరానీ హోటళ్ళు పెట్టినవారిలో ఎందరో ఈ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళే. మా ఇంటి యజమానురాలు నన్ను వంటింట్లోకి రానిచ్చి, బెండకాయ కూర చేస్తూ ఫోటో తీయించుకుంది. ‘బామియే’ అని ఆమె, బెండకాయ అని అక్క, చాలాసేపు ఒకరి మాట ఒకరికి నేర్పుకున్నారు. జొరాస్ట్రియన్ల (మన పార్సీల మతం వాళ్ళ) అగ్ని ఆలయం అరగంటలో చూడవచ్చు.

అదే ఊళ్ళో నన్ను ఇప్పటికీ కలచివేసే సంగతి ఒకటి జరిగింది. గోడకు మట్టి పూస్తున్న అఫ్గాన్ కూలీని అతని అనుమతితో తీస్తుంటే, అటుగా వచ్చిన ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, వాళ్ళు మావాళ్ళు కారు, వాళ్ళను తీసి మా దేశమని చూపించకండి అన్నాడు. ఇరాన్‌లో లక్షలాది అఫ్గాన్లు అలాంటి పనుల మీదే బతుకుతున్నారు. ఆయన మాట నేను పాటించలేదు; ఆ ఫోటోనూ మిగిలినవాటి పక్కనే ఉంచాను.

షిరాజ్ గురించి ఎక్కువ చెప్పను. గులాబీ మసీదులో పొద్దున్నే రంగుటద్దాల వెలుగు కోసం పర్యాటకులు ఒకరినొకరు తోసుకుంటారు. అక్కడ మనుషులు నేపథ్యమే. మేం బుక్ చేసిన గది ఇంకొకరికి ఇచ్చేసి చీకటి గది అంటగట్టిన బస కూడా ఆ ఊళ్ళోదే. కవి హాఫిజ్ సమాధి దగ్గర మాత్రం రాతిమీద రెండు వేళ్ళు ఆనించి పద్యం గొణుక్కునే ఆఫీసు ఉద్యోగులను, కాలేజీ పిల్లలను చూస్తే, వేమన పద్యం నోటికి చెప్పే మా తాతయ్య గుర్తుకొచ్చారు.

తిరిగొచ్చాక ఎంపికే కష్టమైంది. కుడ్యచిత్రం ముందు నల్లని చాదర్‌తో నడిచే స్త్రీ ఫోటో నేను తీసినవాటిలో అన్నిటికంటే అందంగా కుదిరింది. అయినా పక్కన పెట్టేశాను, ఎందుకంటే చూసేవాళ్ళ మనసులో ముందే ఉన్న బొమ్మను అది మరింత గట్టిపరుస్తుంది. పైగా ఆమెను నేను అడగలేదు. తలగుడ్డ సరిగా కట్టుకోలేదని పోలీసులు పట్టుకెళ్ళిన మహ్సా అమీనీ అనే యువతి 2022 సెప్టెంబరులో వాళ్ళ నిర్బంధంలో ఉండగా మరణించిన తర్వాత, తలగుడ్డ జారిన స్త్రీలున్న ఫోటోలన్నిటినీ ఎవరికీ చూపించడం మానేశాను. నవ్వుతూ ఒప్పుకున్నవాళ్ళకు కూడా అవి ప్రమాదం తేవచ్చు. వీసా నిబంధనలు కూడా మారుతూ వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో మనవాళ్ళకిచ్చిన వీసా మినహాయింపును 2025 నవంబరులో నిలిపివేశారు, కాబట్టి వెళ్ళదలచినవారు మన విదేశాంగ శాఖ సూచనలు చూశాకే టికెట్లు కొనాలి.

యాత్ర నుంచి వచ్చిన కొత్తలో ముప్పై ఫోటోలు మా కాలనీ హాల్లో పెట్టాం. పెద్దమ్మ కర్ర పట్టుకుని ఒక్కొక్కటీ చూస్తూ వచ్చి సంగక్ దుకాణం ఫోటో ముందు ఆగిపోయింది. చాలాసేపు చూసి, “రాళ్ళ మీద కాలుస్తారు సరేనే, ఒక్కటన్నా పంటి కింద పడదూ?” అని అడిగింది. గోటితో ఎలా మీటాలో చూపించాను. తన గోటితో ఆమె ఆ ఫోటో అంచును మీటి చూసింది.