ప్రోవోలోని ఎన్‌సర్కిల్ ఇల్లు, మా తమ్ముడు షూస్ విప్పి కూర్చున్న చోటు

ఎన్‌సర్కిల్ అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి కుర్రపిల్లలూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ వచ్చి కూర్చోడానికి యూటాలో పెట్టిన ఇల్లు. దానికి ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నా. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాలి, యూటాకి పిల్లల్ని చదువుకి పంపిన తెలుగువాళ్ళు, అందులోనూ మా చర్చి వాళ్ళు ఓపిగ్గా చదవండి. మా తమ్ముడిని అడిగే రాస్తున్నా, అదీ వాడి పట్టా చేతికొచ్చాకే. పేరు, ఊరు, కాలేజీ ఏవీ రాయను, మా వాళ్ళలో అందరికీ అందరూ తెలుసు.

మాది గోదావరి వైపు. తెల్ల చొక్కా నల్ల బ్యాడ్జీతో ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్ళని చూసే ఉంటారు కదా, ఎల్డర్స్ అంటాం, ఆ చర్చే మాది, బయటవాళ్ళు మోర్మన్లు అంటారు. 2012లో హైదరాబాద్‌లో ఇండియాకే మొదటి స్టేక్ (కొన్ని సంఘాలు కలిపిన చర్చి విభాగం) పెట్టారని తెలిసినరోజు మా అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. అలాంటి ఇంట్లో పిల్లాడికి చర్చి కాలేజీలో సీటొస్తే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. నేను అప్పటికే యూటాలోని లీహైలో జాబ్ చేస్తున్నా, అక్క దగ్గరే ఉంటాడులే అని పంపేశారు.

రెండో ఏడు చలికాలం, వాడిని రూమ్ దగ్గర దింపుతుంటే కారు దిగకుండా అలాగే కూర్చున్నాడు. "అక్కా, నాకు అమ్మాయిల మీద ఇష్టం కలగట్లేదు, నేను గే" అన్నాడు. మన ఇళ్ళల్లో ఆ మాటకి తిట్లు తప్ప తెలుగు వినలేదు కదా, అందుకే ఇంగ్లీషు ముక్కే వాడాడు. నేను ఇంకా ఏం మాట్లాడాలా అనుకుంటుంటే వెంటనే అడిగాడు, "నా ఎండార్స్‌మెంట్ పోతుందా?" అక్క ఏమనుకుంటుందో అని కూడా కాదు, ముందు ఆ కాగితం గురించి అడిగాడు పిల్లాడు. ఇప్పటికీ ఆ ప్రశ్న గుర్తొస్తే కడుపులో తిప్పినట్టవుతుంది.

తెలియనివాళ్ళకి చెప్తా. మా చర్చి కాలేజీల్లో ఏటేటా బిషప్, అంటే మన సంఘం పెద్ద దగ్గర కూర్చుని మాట్లాడి, ఈ విద్యార్థి నియమాలు పాటిస్తున్నాడు అని ఆమోదం తెచ్చుకోవాలి, అదే ఎండార్స్‌మెంట్, అది లేకపోతే చదువు ముందుకి సాగదు. వాడిది ఎఫ్ వన్ వీసా, చదువు ఆగితే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గే అవడం తప్పు కాదనే అంటారు, కానీ ఒక అబ్బాయి చెయ్యి పట్టుకున్నా, డేట్‌కి వెళ్ళినా ఆనర్ కోడ్, అంటే ఆ కాలేజీ ప్రవర్తన నియమాలు, తప్పినట్టే. 2020 ఫిబ్రవరిలో బీవైయూ (ప్రోవోలోని మా చర్చి యూనివర్సిటీ, బ్రిగమ్ యంగ్) ఆనర్ కోడ్‌లోంచి హోమోసెక్సువల్ ప్రవర్తన అనే భాగం తీసేస్తే, ఇక భయం లేదనుకుని కొంతమంది పిల్లలు బయటికి చెప్పేసుకున్నారు, మార్చి 4న ఉత్తరం వచ్చింది, అబ్బాయీ అబ్బాయీ ప్రేమగా ఉండటం కోడ్‌కి సరిపడదు అని. గట్టిగా రెండు వారాలు. చెప్పేసుకున్న మాట వెనక్కి ఎలా తీసుకుంటారండి ఆ పిల్లలు? ఏడాదికి అదే మార్చి 4 రాత్రి కొండ మీదున్న పెద్ద వై అక్షరానికి రంగురంగుల లైట్లు వేశారు విద్యార్థులు. 2023లో ఆ నిషేధాన్ని మళ్ళీ కోడ్‌లోనే రాసేశారు. ఇవన్నీ వాడికి తారీకులతో సహా కంఠతా వచ్చు, పరీక్షకి చదివినట్టు చదివాడు పాపం.

సరే ఇల్లు సంగతికి వస్తా. ప్రోవో డౌన్‌టౌన్‌లో పాతకాలం ఇల్లు, ఎన్‌సర్కిల్ వాళ్ళు 2017లో మొట్టమొదట తెరిచింది ఇదే. దగ్గర్లోనే మా చర్చి దేవాలయం, 2010లో కాలిపోయిన పాత టాబర్నాకిల్ (చర్చి సభామందిరం) గోడలు నిలబెట్టి 2016లో కట్టారే, అదే. అంత దగ్గర కాబట్టే మొదటిరోజు కారులో ఇరవై నిమిషాలు కూర్చున్నాం, వార్డు వాళ్ళు, అంటే మా సంఘం వాళ్ళు ఎవరైనా చూస్తారేమో అని వాడు తల కిందికి దించేసుకుని. నేను గట్టిగా ఏం అనలేదు, ఇంజన్ మాత్రం ఆపేశాను.

లోపల ఏ చర్చి ఏ కాలేజీ అని ఒక్కరూ అడగలేదు, తాగడానికి ఏమైనా కావాలా అన్నారు అంతే. వాడు ఎక్కడికెళ్ళినా తలుపు పక్కన కుర్చీ చూసుకుని ఫోన్ బోర్లా పెట్టుకుని కూర్చుంటాడు, షూ లేసు కూడా వదులు చెయ్యడు. ఆ రోజు గంట తర్వాత చూస్తే షూస్ విప్పేసి, సోఫాలో కాళ్ళు మడుచుకుని, మన ఇంట్లో టీవీ చూసేటప్పుడు కూర్చున్నట్టే కూర్చున్నాడు. పక్కన ఇంకో ఇద్దరు పిల్లలు, ఏదో పరీక్ష గురించి తిట్టుకుంటున్నారు. నేను వంటింటి వైపు వెళ్ళి కాసేపు నిలబడ్డాను, ఏడుపొచ్చింది.

చాలామంది అడుగుతారు, చర్చికి వ్యతిరేకంగా నూరిపోస్తారా అని. అస్సలు కాదండి. 'నో సైడ్స్, ఓన్లీ లవ్' అనేది వీళ్ళ మాట, నేను చూసినంతలో అలాగే ఉన్నారు. మా వాడు ఇప్పటికీ నమ్ముతాడు, అక్కడ కప్పు కడుగుతూ కూడా చర్చి పాట కూనిరాగం తీస్తుంటే ఎవరూ వింతగా చూడలేదు. వాడికి కావాల్సింది అదే, దేవుణ్ణీ వదులుకోమనకూడదు, తననీ వదులుకోమనకూడదు. కౌన్సెలింగ్ కూడా ఉంది, మార్చేస్తాం అనే బాపతు కాదు, వినేవాళ్ళు. 'నలుగురూ ఏమనుకుంటారు' అనేది ఇంగ్లీషులో చెప్పడానికి మావాడికి రెండు సిట్టింగులు పట్టిందట, ఆవిడ రెండూ ఓపిగ్గా విన్నారట. తల్లిదండ్రులకీ ఇంట్లోవాళ్ళకీ విడిగా కార్యక్రమాలు ఉంటాయి, అక్కచెల్లెళ్ళు కూడా వెళ్ళండి, సిగ్గుపడకండి.

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. ఊరికే వెళ్ళి కూర్చోడానికి డబ్బులు కట్టలేదు, కౌన్సెలింగ్ అయితే ముందే మాట్లాడుకోవాలి. యూత్ కోసం పెట్టింది కాబట్టి వయసు, టైమింగ్స్ ఫోన్ చేసి కనుక్కోండి. సాల్ట్ లేక్ నుంచి ఫ్రంట్‌రన్నర్ ట్రైన్ ఉంది కానీ ఆదివారం నడవదు, కారు లేని పిల్లలకి ఆదివారం చాలా పొడుగ్గా ఉంటుంది, తెలిసినవాళ్ళు ఉంటే ఆ రోజు కాస్త పలకరించండి.

పట్టా వచ్చాక అమ్మకి వాడే చెప్పాడు, వీడియో కాల్‌లో. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత కూడా పెద్దగా ఏం అనలేదు. అంతకుముందు నేను ఆ ఇంటి గురించి చెప్తే మాత్రం రెండుసార్లు అడిగింది, అక్కడ వీడితో బాగానే ఉన్నారా అని. పోయినవారం పార్సిల్ వచ్చింది, తాపేశ్వరం కాజాలు రెండు ప్యాకెట్లు. ఒకదాని మీద వాడి పేరు, రెండోదాని మీద బాల్ పెన్నుతో 'ఆ ఇంట్లో వాళ్ళకి' అని రాసుంది.