పెన్నేరు పొడి అని ఆకు పొడి అంటగడుతున్నారు, చూసి కొనండి

తొమ్మిది వందలు పోయాయి. దానికంటే షాపాయన అన్న మాటే ఎక్కువ మండుతోంది. హన్మకొండలో మూలికలంటే అందరం పరిగెత్తే ఆ షాపే, పేరు రాయను, మీకు తెలుసు.

అమ్మకు నిద్ర పట్టడం లేదని పెన్నేరు పొడి, అదే అశ్వగంధ, పావుకిలో తెచ్చాను. డబ్బా మీద "విథనోలైడ్లు 5 శాతం" అని చీటీ. బాటనీ చదివిన దాన్ని నేను! విథనోలైడ్లంటే అశ్వగంధలో మందులా పనిచేసే పదార్థాలు. ఉత్త వేరు పొడిలో మామూలుగా అవి ఒక్క శాతం కూడా ఉండవు. ఐదంటే సారం తీసిన ఎక్స్‌ట్రాక్టే అయి ఉండాలి. ఎక్స్‌ట్రాక్టును ఎవరైనా డబ్బాలోంచి గరిటెతో తీసి తూకం వేస్తారా? అప్పుడు ఈ బుర్ర ఎటు పోయిందో.

రాత్రి వేడి పాలల్లో చెంచాడు కలిపితే గోరింటాకు కడిగిన నీళ్లలా అయ్యాయి. వేరు పొడి గోధుమపిండి రంగులో ఉంటుంది. గుర్రం వాసన ఉంటుందనే కదా దానికా పేరు! ఇదేమో ఎండుగడ్డి వాసన. ఆకు కలిపారు. ఆకులో విథాఫెరిన్-ఎ అనే రసాయనం వేరులో కన్నా ఎక్కువ, కణాలను దెబ్బతీసే గుణం ఉన్నది దానికే. ఆకు వాడొద్దు, వేరు మాత్రమే వాడండని ఆయుష్ శాఖ 2021లోనే తయారీదారులకు చెప్పింది.

పొద్దున్నే పొట్లం పట్టుకుని వెళ్లాను. షాపులో ఆరేడుగురు ఉన్నారు. "అన్నా, ఇందులో ఆకు కలిసినట్టుంది" అని మెల్లగానే అన్నాను. ఆయన పొట్లం వైపు చూడను కూడా లేదు. త్రాసులో కరక్కాయలు పోస్తూనే, "ఏందక్కా, ఫోన్ల నాలుగు వీడియోలు చూసి నాకే నేర్పుతున్నవా? ముప్పై ఏండ్ల సంది అమ్ముతున్న" అన్నాడు. పక్కనున్నాయన కిసుక్కున నవ్వాడు. షాపాయన "బిల్లు ఏది?" అన్నాడు. ఆయనిచ్చిన చిట్టీ తీశాను. దాని మీద పెన్నుతో గీసిన 900 తప్ప షాపు పేరు కూడా లేదు. "గిది మాదేనని ఏం గ్యారంటీ?" అన్నాడు. మొన్న నా కళ్ల ముందు దారం చుట్టి కట్టింది ఆ చేతులే! నోట మాట రాలేదు. పైగా వచ్చేటప్పుడు "ఉంటా అన్నా" అని చెప్పి మరీ వచ్చాను, సిగ్గులేక.

అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. అశ్వగంధ ఆ హార్మోన్‌ను పెంచొచ్చట, అడగకుండా ఎలా ఇచ్చావని డాక్టర్ చివాట్లు. అవీ నాకే.

కొంటే వేరు ముక్కలే కొని ఇంట్లో దంచుకోండి. షాపు పేరున్న బిల్లు ఇస్తేనే డబ్బులివ్వండి. మాత్రలు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగండి.

పొట్లం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. తొమ్మిది వందలు పెట్టి కొన్నది పారేస్తావా అని అమ్మ గొడవ.