సూపర్ కండక్టర్ పోగుల కోసం కొన్న ఎలక్ట్రోస్పిన్నింగ్ యంత్రం: రెండు వానాకాలాల అనుభవం

బాగా చల్లబరిస్తే విద్యుత్ నిరోధమే లేకుండా పోయే పదార్థాన్ని సూపర్ కండక్టర్ అంటారు. అటువంటి సిరామిక్ అయిన ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్‌ను నానోపోగులుగా, అంటే అతి సన్నని పోగులుగా తయారు చేయడానికి హైదరాబాదులోని మా ప్రయోగశాలలో బల్ల మీద అమరే ఎలక్ట్రోస్పిన్నింగ్ యంత్రం (ద్రావణం నుంచి విద్యుత్తుతో పోగులు లాగేది) ఒకటి కొన్నాము. రెండు వానాకాలాలు దానితో పనిచేశాక ఈ సమీక్ష రాస్తున్నాను. ఇటువంటి యంత్రాన్ని ఎక్కువగా పాలిమర్ పోగుల కోసం కొంటారు. సిరామిక్ పని చేసేవారు చూసుకోవలసినవి వేరు.

1987లో కనుగొన్న ఈ పదార్థం సుమారు 92 కెల్విన్ల దగ్గర విద్యుత్ నిరోధాన్ని కోల్పోతుంది. ద్రవ నత్రజని 77 కెల్విన్ల వద్ద మరుగుతుంది కనుక, ఖరీదైన ద్రవ హీలియం అక్కరలేకుండానే దీన్ని చల్లబరచవచ్చు. పొడిని నూరి, బిళ్లగా నొక్కి కాల్చడం పాత పద్ధతి. బిళ్ల బరువుగా ఉంటుంది, సూపర్ కండక్టర్‌గా మారడానికి కావలసిన ఆక్సిజన్ దాని గర్భం దాకా చేరడానికి చాలా సమయం పడుతుంది. పోగులతో ఏర్పడిన గుడ్డ తేలికగా ఉంటుంది, సందుల గుండా ఆక్సిజన్ సులువుగా లోపలికి పోతుంది. జర్మనీలోని సార్లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలా నేత లేని సూపర్ కండక్టర్ గుడ్డలను తయారు చేసి చూపించారు. మేము ఈ దారి పట్టడానికి వారి పనే ప్రేరణ.

ఇక్కడ రాట్నమూ కదురూ లేవు, దారాన్ని లాగేది విద్యుత్ క్షేత్రమే. ఇట్రియం, బేరియం, కాపర్ ఎసిటేట్ లవణాలను 1:2:3 నిష్పత్తిలో ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, పీవీపీ అనే పాలిమర్‌ను కలిపితే చిక్కని నీలి ద్రావణం వస్తుంది. దాన్ని సిరంజిలో నింపి, గంటకు 0.5 మిల్లీలీటర్ల చొప్పున నెడుతూ, సూదికి 18 కిలోవోల్టులు ఇస్తాము. సూది కొసన వేలాడే బొట్టు క్రమంగా శంకువులా సాగి, దాని మొన నుంచి కంటికి ఆననంత సన్నని ధార బయలుదేరి, 15 సెంటీమీటర్ల దూరంలోని అల్యూమినియం రేకును చేరేలోపు ఆరి పోగుగా మారుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని దృశ్యమది.

ఈ భాగంలో యంత్రానికి వంక పెట్టలేను. వోల్టేజి గంటల తరబడి నిలకడగా ఉంటుంది, పంపు వేగం తప్పదు. తలుపు తీయగానే విద్యుత్తు దానంతట అదే ఆగిపోతుంది. అయినా రేకు మీద ఆవేశం మిగిలి ఉండవచ్చు కనుక, ఎర్త్ కడ్డీ తాకించకుండా లోపల చేయి పెట్టవద్దని విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

ఇబ్బంది అంతా తేమతోనే వచ్చింది. మొదటి ఏడాది జూలైలో ఒక ఉదయం, గదిలో తేమ 72 శాతం ఉండగా పని మొదలుపెట్టి, రెండు గంటల తరువాత తలుపు తీస్తే, రేకు మీద గుడ్డకు బదులు తడిసిన సాలెగూడు వంటి జిగట పొర కనిపించింది. పీవీపీ తేమను పీల్చుకునే పదార్థం కావడంతో పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కేటలాగులో ‘తేమ నియంత్రణ’ అని రాసి ఉన్నది తేమను చూపించే మీటరు మాత్రమేనని ఆ రోజే తెలిసింది. తయారీదారుకు రాస్తే, గదికి ఏసీ పెట్టుకోమని మూడు వారాల తరువాత జవాబు వచ్చింది. ఆ మాట కొనకముందే చెప్పవలసింది. చివరకు సిలిండర్ నుంచి పొడి గాలిని గొట్టంతో పెట్టెలోకి పంపి, తేమను 40 శాతం లోపు ఉంచుకుంటున్నాము.

రెండో లోపం చిన్నదిగా కనిపిస్తుంది గాని ప్రమాదకరమైనది. సూదికి వోల్టేజి అందించే క్లిప్పు రాగిది. ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి తగిలి నెల తిరిగేసరికి దానికి పచ్చని చిలుము పట్టింది. ఆ చిలుము రాలి గుడ్డలో పడితే మూలకాల నిష్పత్తే చెడిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ క్లిప్పు మేమే వేసుకున్నాము.

యంత్రం ఇచ్చేది లేత నీలి గుడ్డ మాత్రమే, అది ఇంకా సూపర్ కండక్టర్ కాదు. దాన్ని నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున వేడి చేసి పాలిమర్‌ను మెల్లగా కాల్చివేయాలి. తొందరపడితే గుడ్డ చిట్లుతుంది, మిగిలిన కార్బన్ బేరియంతో కలిసి బేరియం కార్బొనేట్‌గా రేణువుల మధ్య చేరి విద్యుత్ దారిని అడ్డుకుంటుంది. ఆపైన సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి, చల్లారేటప్పుడు 450 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ ప్రవాహంలో గంటల కొద్దీ నిలపాలి. కొలిమి నుంచి బయటికి వచ్చేది బాగా కుంచించుకుపోయిన నల్లని ముక్క. పట్టకారుతో గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది. మా మొదటి ముక్కలలో నిరోధం 90 కెల్విన్ల దగ్గర పడడం మొదలైనా, 77 వద్ద కూడా సున్నాకు చేరలేదు. పొడి గాలి అమర్చి, వేడిమి వేగం తగ్గించాక వచ్చిన ముక్కలలో చేరింది. అందువల్ల యంత్రానికే డబ్బంతా పెట్టి, ఆక్సిజన్ పంపే వీలున్న గొట్టపు కొలిమిని తరువాత చూసుకుందామనుకోవడం పొరపాటు.

పోగులు తీసే పనికి ఈ యంత్రం మంచిదేనని, సిరామిక్ పనికి మాత్రం పెట్టె సగమే పూర్తయిందని నా అభిప్రాయం. కొనదలచినవారు ప్రదర్శనలో కంపెనీ వారి ద్రావణంతో తృప్తిపడకుండా, తమ సొంత ఎసిటేట్ ద్రావణాన్ని తీసుకువెళ్లి, వీలైతే ముసురు పట్టిన రోజునే, రెండు గంటలపాటు ఆపకుండా నడిపించి చూడాలి.