మసక గెలాక్సీల నడిబొడ్డులోకి తొంగిచూడాలంటే: లెగసీ సర్వేస్ స్కై వ్యూయర్ రివ్యూ

మరుగుజ్జు గెలాక్సీల (అంటే బాగా చిన్న, మసక గెలాక్సీల) మధ్యలో ఉండే నక్షత్ర గుచ్ఛాల గురించి చదవడం వేరు, వాటిని స్క్రీన్ మీద మనంతట మనమే వెతికి పట్టుకోవడం వేరు. ఆ రెండో పనికి ఈ వెబ్‌సైటుని మించింది నాకింతవరకు దొరకలేదు. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ గొడవ లేదు, బ్రౌజర్‌లో తెరిస్తే ఆకాశం ముందుంటుంది, జూమ్ చేసుకుంటూ పోవడమే. ఫొటోలు చిలీలోని 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోపు, అమెరికాలో కిట్ పీక్ మీదున్న బోక్, మయాల్ టెలిస్కోపులు తీసినవి.

కొత్తవాళ్ళు ఐసీ 3328 అనే మరుగుజ్జు గెలాక్సీతో మొదలుపెట్టండి. కన్యారాశి గెలాక్సీల గుంపులోది, దూరం సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాలు. అంచు ఎక్కడో తెలియకుండా పరుచుకున్న మసక వెలుగు, దాని నడుమ సూదితో పొడిచినట్టు ఒక చుక్క. అదే గుచ్ఛం! ఇలాంటివాటి బరువు లక్షల సూర్యుల నుంచి కోట్ల సూర్యుల దాకా ఉంటుంది, అదంతా కొద్ది పదుల కాంతి సంవత్సరాల జాగాలో కిక్కిరిసి ఉంటుంది. ఆ తర్వాత అదే చుట్టుపక్కల ఇంకా మసకగా ఉన్నవాటి మీదికి వెళ్ళండి, చుక్క లేని గెలాక్సీలే ఎక్కువగా తగులుతాయి. సుమారు 100 కోట్ల సూర్యుల బరువున్న గెలాక్సీల్లో చాలావాటికి గుచ్ఛం ఉంటుంది, బరువు తగ్గేకొద్దీ అది ఉండే అవకాశం కూడా పడిపోతుంది. చిన్న గెలాక్సీల్లో గోళాకార గుచ్ఛాలు (గెలాక్సీలో అక్కడక్కడా బంతుల్లా ముద్దకట్టిన నక్షత్రాల గుంపులు) మెల్లగా వేగం కోల్పోయి మధ్యలోకి జారి ఒక్కటైపోవడమే ఈ చుక్కలకి ముఖ్య కారణమని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ కథ బుర్రలో పెట్టుకుని చూస్తే, నడిమధ్యకి కాస్త పక్కగా ఉన్న ప్రతి చుక్కా మధ్యలోకి జారుతున్న గుచ్ఛమేమో అనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది లేయర్ల మెనూలోని మోడల్, రెసిడ్యువల్. ఫొటోలోంచి సాఫ్ట్‌వేర్ వేసిన అంచనాని తీసేస్తే మిగిలేదే రెసిడ్యువల్, గెలాక్సీ వెలుగులో కలిసిపోయిన చుక్క ఒక్కోసారి అక్కడే బయటపడుతుంది. కేటలాగు (సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టిన వస్తువుల జాబితా) గుర్తులు కూడా ఆన్ చేస్తే అది దేన్ని చుక్కగా లెక్కేసిందో, దేన్ని పరుచుకున్న గెలాక్సీగా లెక్కేసిందో తెలుస్తుంది. దాన్ని గుడ్డిగా నమ్మారో, అయిపోయారే. పల్చటి పెద్ద గెలాక్సీ కనిపిస్తే ఈ సాఫ్ట్‌వేర్ దాన్ని ముక్కలు ముక్కలు చేసి నాలుగైదు వస్తువులుగా రాసేస్తుంది, ఆ అంకెలు కూడి బరువు లెక్క కట్టడం శుద్ధ దండగ.

ఇంకో సంగతి, చుక్క కనిపించగానే గుచ్ఛం దొరికిందని గంతులేయకండి. ఈ ఫొటోల్లో ఒక్క పిక్సెల్ 0.262 ఆర్క్ సెకండ్లు (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు), కన్యారాశి గుంపు దూరంలో అంటే దాదాపు 70 కాంతి సంవత్సరాలు. మన గుచ్ఛం ఆ పిక్సెల్‌లోనే ఇమిడిపోతుంది, పైగా గాలి కదలికలకి పిక్సెళ్ళ మీదుగా అలుక్కుపోతుంది, కాబట్టి పాలపుంతలోని మామూలు నక్షత్రం అడ్డొచ్చినా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. నక్షత్రాల స్థానాలు, కదలికలు కొలిచిన గయా ఉపగ్రహం కేటలాగులో ఆ చుక్కకి స్పష్టమైన సొంత కదలిక ఉంటే అది మన పాలపుంత నక్షత్రమే, వదిలేయండి. లోపల నిజంగా ఏముందో చూడాలంటే హబుల్ లాంటి అంతరిక్ష టెలిస్కోపు ఫొటోలే దిక్కు. ఇది సైటు తప్పు కాదులెండి, నేల మీది టెలిస్కోపుకి ఉండే హద్దు అది.

సైటు లోపం అనదగ్గది ఒకటుంది. ఎం49 లాంటి భారీ గెలాక్సీల పక్కన ఆకాశపు వెలుగుని తీసేసేటప్పుడు అసలు వెలుగు కూడా కొంత పోతుంది, అక్కడున్న పల్చటి మరుగుజ్జులు ఉన్నదానికన్నా చిన్నవిగా కనిపిస్తాయి. నడిమి చుక్కకి పెద్దగా ఏమీ కాదు, గెలాక్సీ సైజు మాత్రం అక్కడ కొలవకండి. పాలపుంత పట్టీని కూడా ఈ సర్వే చాలావరకు వదిలేసింది.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఫొటో నచ్చితే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా ఫిట్స్ ఫైలుగా (వెలుగు కొలతల్ని అంకెలుగా దాచే ఖగోళ ఫొటోల ఫైలు) దించుకోండి, కాంట్రాస్టు మనిష్టం వచ్చినట్టు మార్చుకుని చూస్తే సైటు రంగుల్లో తెల్లగా మాడిపోయిన నడిభాగం కూడా విడిగా తెలుస్తుంది. ఫోన్‌లో మాత్రం వద్దు, వేలితో జూమ్ చేస్తూ చుక్కలు వెతకడం కంటే చిరాకు పని ఇంకోటి లేదు.